కొండమీది పెంటపోగు

హిమాలయాల్లో చిన్న రైతులు భూసారాన్ని ఎలా కాపాడుకుంటున్నారో చెప్పమని రేడియోవారు వక్తను కోరారు. హిమాలయాలంటే ఒక్క ప్రసంగానికి ఒదిగేవి కావు. కనుక నేపాల్ మధ్య కొండల్లో, అదీ ఒక గొడ్లచావిడి ముందర ఆగితే చాలు. పేడ ఎరువు గుణాలు శ్రోతలకు కొత్తగా చెప్పక్కర్లేదు.

అక్కడ చేలన్నీ మెట్లు మెట్లుగా ఉంటాయి. నీరు పారే మడి ‘ఖేత్’, వానాధారపు మెట్ట ‘బారీ’. ఖేత్‌లో వరి, బారీలో మొక్కజొన్న, దాని నడుమ రాగి. రెండింటికీ బలం అడవిదే. ఆడవాళ్లు రాలుటాకు ఊడ్చి తెచ్చి పశువుల కింద పరుస్తారు. అది పేడలో, మూత్రంలో నాని పెంటపోగుకు చేరుతుంది. దుక్కి వేళకు ‘డోకో’ అనే వెదురుబుట్టకెత్తి, పట్టీ నుదుటికి తగిలించుకుని, వీపున మోస్తూ చేలకు చేరుస్తారు.

నష్టమంతా ఆ పోగు దగ్గరే. ఎండకు నత్రజని ఆవిరవుతుంది, వానకు పొటాష్ కొట్టుకుపోతుంది. పశువు విసర్జించే నత్రజనిలో సుమారు సగం మూత్రంలోనే ఉంటుంది. మట్టినేల మీద అది ఎటో ఇంకిపోతుంది. 1999లో స్విట్జర్లాండ్ సాయంతో మొదలైన సుస్థిర భూసార నిర్వహణ కార్యక్రమం ఈ చిన్న పనినే పట్టుకుంది. చావిడి నేలకు కాస్త వాలు, చివర ఒక కాలువ, దాని కింద గుంట. పోగుకు పైన నీడ. పట్టిన మూత్రాన్ని నీళ్లు కలిపి కూరగాయలకు పోస్తారు, లేదా పోగుమీదే చల్లుతారు. ఖర్చంతా పలుగూ పారా పట్టే ఓపికే.

వక్త నాయనమ్మకు ఈ కిటుకు ఎవరూ నేర్పలేదు. చావిట్లో చెరువుమట్టి పోయించి, అది బాగా నానాక ఎత్తించి చేలో వేయించేది. వాసనకు ముక్కు మూసుకున్న మనవడికి ఆ పూట మజ్జిగన్నమే, కూర లేదు!

పచ్చిరొట్ట సంగతీ ముచ్చటే. మన వినాయకుడి 21 పత్రుల్లో మొదటిదైన మాచిపత్రిని అక్కడ ‘తితేపాతీ’ అంటారు. దాన్నీ, అడ్డసరం ఆకునూ వరి నారుమడిలో తొక్కుతారు. గట్లమీద సోయా, మినుము వేస్తారు, మేతచెట్లు పెంచుతారు. ఆ వివరాలకు వేరే ప్రసంగం కావాలి.

ఇప్పుడు ఆకు ఊడ్చేవారేరీ? కుర్రవాళ్లు గల్ఫ్‌కు, మలేషియాకు వెళ్లిపోయారు. మోసే వీపులు తగ్గాయి, పశువులూ తగ్గాయి. నేపాల్‌లో యూరియా కర్మాగారమే లేదు. ప్రతి బస్తా బయటినుంచే రావాలి, నాట్ల వేళకు అది అందకపోవడమూ మామూలే. అయినా పెద్దల ధ్యాస బస్తాల మీదే. పోగుకు నీడ వేయడం ఎవరి కంటికీ ఆనదు, అదేం విడ్డూరమో!

డోకో బరువు వల్ల మొదటినుంచీ ఇంటి పక్క బారీకే ఎరువు ఎక్కువగా పడేది. దూరపు మెట్లకు మిగిలినదే. ఇప్పుడు ముందుగా బీడు పడుతున్నవీ ఆ దూరపు మెట్లే.