పొగగొట్టమే మినారు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాత కట్టడాలంటే మనకు కోటలు, మసీదులు, దర్గాలు గుర్తొస్తాయి. ఫ్యాక్టరీలు గుర్తురావు. అందుకే ఈరోజు ఒక ఫ్యాక్టరీ సంగతి చెబుతాం.

జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో, రైలుపట్టాల పక్కన యెనిడ్జె అనే భవనం ఉంది. దాని ఫోటో చూపిస్తే మా బడి పిల్లలు మసీదే అంటారు. పైన రంగుటద్దాల గుమ్మటం, పక్కన మినారు. నిజానికి అది సిగరెట్ల ఫ్యాక్టరీగా కట్టింది. హ్యూగో జీట్జ్ అనే వ్యాపారి కోసం మార్టిన్ హామిట్ష్ అనే ఆర్కిటెక్ట్ రూపకల్పన చేయగా, 1909లో పూర్తయింది. పాత నగరం దగ్గర ఫ్యాక్టరీలా కనిపించే ఫ్యాక్టరీ కట్టకూడదని అక్కడి నిబంధన. దాంతో పొగగొట్టానికి మినారు వేషం వేశారు. పొగాకు ఉస్మానియా సామ్రాజ్యం నుంచి వచ్చేది, యెనిడ్జె అక్కడి ఊరి పేరే. పేరూ రూపమూ రెండూ సరుకుకు ప్రచారమయ్యాయి.

మసీదు రూపంతో సిగరెట్లు అమ్ముకోవడం మాకు నచ్చదు, ఆ మాట దాచుకోం. అయినా ఆ గుమ్మటం కట్టిన మేస్త్రీల పనితనాన్ని కాదనలేం.

1945 బాంబుదాడుల్లో భవనం దెబ్బతింది. 1996లో బాగుచేసి ఆఫీసులుగా మార్చారు. గుమ్మటం కింద సాయంత్రాలు కథలు చెబుతారు.

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో టెంపుల్ వర్క్స్ కథ వేరు. అది 1840 నాటి అవిసెనార మిల్లు, ముఖద్వారం ఈజిప్టు గుడిలా ఉంటుంది. నార ఎండిపోకుండా లోపల తేమ నిలవాలని కప్పు మీద మట్టిపోసి గడ్డి పెంచారు. ఆ గడ్డి మేయడానికి గొర్రెలు! చట్టం దానికి మొదటి శ్రేణి రక్షణ ఇచ్చింది. అయినా ఆలనాపాలనా లేక 2008లో ముందువైపు స్తంభం ఒకటి కూలింది.

అందం రెండింటికీ ఉంది. ఒకదానిలో మనుషులున్నారు, అద్దె వస్తోంది. రెండోది ఖాళీగా పడి ఉంది. మనకిది కొత్త సంగతి కాదు. వక్ఫ్ రాబడిలో మొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతుకేనని హనఫీ ఫిఖ్‌హ్ ఏనాడో చెప్పింది. రాబడే లేకపోతే మరమ్మతు ఎక్కడిది?

పాత కట్టడానికి విరాళం కావాలని మీ దగ్గరకు ఎవరైనా వస్తే, రంగులకెంత అని కాదు, బాగుచేశాక లోపల ఎవరుంటారని అడగండి. ఒక విరాళంతో కప్పు వేయించవచ్చు. ఏటా వానాకాలానికి ముందు ఆ కప్పు మీది తూములు శుభ్రం చేయించే కూలి మాత్రం, ఆ భవనమే సంపాదించుకోవాలి.