వెన్నెముక వంకర: చికిత్సాఫలమును కొలుచు టెట్లు?

వయస్సు పైబడిన కొలది నడుము ఒక ప్రక్కకు ఒఱగుటయో, మొండెము ముందునకు వంగిపోవుటయో మనము చూచుచునే యున్నాము. కొందఱికి ఈ వంకర చిన్ననాటనే ఆరంభమై పెద్దతనమున ముదురును. మఱి కొందఱికి నడివయస్సు దాటిన పిమ్మట, వెన్నుపూసల నడుమ నుండు మెత్తని బిళ్ళలు అరిగి, క్రొత్తగా వచ్చును. పెక్కుమందికి వైద్యులు వ్యాయామము, మందులు, సూదిమందు చెప్పుదురు. కొందఱికి మాత్రము లోహపు కడ్డీలను మరలతో బిగించి వెన్నును నిలువబెట్టు పెద్ద శస్త్రచికిత్స చేయుదురు. తరువాత గుణమైనదా అని అడుగుట సులభమే. జవాబు చెప్పవలసినవా రెవరు, ఏ కొలబద్దతో చెప్పవలెను అనునదియే మేము నేడు ముచ్చటింపదలచిన విషయము.

చిరకాలము ఆ కొలబద్ద ఎక్స్‌రే పటమే. 1948లో జాన్ కాబ్ అను అమెరికా వైద్యుడు చూపిన పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. వంపునకు పై కొననున్న పూస వెంబడి ఒక గీత, క్రింది కొననున్న పూస వెంబడి మఱియొక గీత గీసి, వాని నడుమ కోణమును కొలుతురు. అది 10 డిగ్రీలకు తక్కువ కాకున్నచో వంకర యని లెక్క. ఎదుగుచున్న బాలికకు ఈ కోణము ముఖ్యమే. అది పెరుగుచున్నదా, ఆగినదా అనుటపై చికిత్స ఆధారపడి యుండును. కాని అరువది యేండ్ల గృహిణి వైద్యుని కడకు కోణము కొఱకు పోదు. నొప్పి కొఱకు పోవును, పది నిమిషములైనను నిలువలేకపోవుట కొఱకు పోవును.

ఈ రెండింటికిని పొత్తు మనము తలచునంత లేదు. 2005లో అమెరికాలో గ్లాస్‌మన్ అను వైద్యుడును, ఆయన సహచరులును వంకర గల పెద్దవారిని పరిశీలించి ప్రకటించిన ఫలితములలో, ప్రక్కవంపు డిగ్రీల కన్న మొండెము ముందునకు జరుగుటయే బాధతో ఎక్కువ కలిసివచ్చినది. దీనిని కొలుచుట తాపీ పనివారు గుండు కట్టిన దారముతో గోడ నిలువు చూచుట వంటిదే. మెడలోని ఏడవ పూసనుండి నిలువుగా క్రిందికి గీసిన గీత, నడుము దిగువనున్న త్రికాస్థికి ఎంత ముందుగా పడుచున్నదో చూతురు. నిండు బిందెను చంకనెత్తుకొని నడచుటకును, చేతులు చాచి ముందునకు పట్టుకొని నడచుటకును గల భేదము మన స్త్రీల కెఱుకయే. ముందునకు వంగినవాని వీపు కండరములు దినమంతయు ఆ రెండవ రీతి బిందెను మోయుచునే యుండును.

అయినను ఇదియు పటమే. రోగినే అడుగుట మేలని తోచి, ఇంగ్లండులోని ఆస్వెస్ట్రీ అను ఊరి ఎముకల వైద్యశాలలో ఒక ప్రశ్నాపత్రము సిద్ధము చేసిరి. అది 1980లో వెలువడినది. నొప్పి, స్నానము-దుస్తులు, బరువెత్తుట, నడక, కూర్చుండుట, నిలుచుట, నిద్ర, దాంపత్యము, నలుగురితో కలియుట, ప్రయాణము: ఇట్లు పది భాగములు. ఒక్కొక్క దానికి సున్న మొదలు 5 వఱకు మార్కులు. మొత్తమును నూటికి లెక్కకట్టుదురు. ఎక్కువైన కొలది అశక్తత ఎక్కువ. ఇది నడుము నొప్పి గలవా రందఱికిని ఉద్దేశింపబడినది. వంకర గలవారికై 1966లో అమెరికాలో ఏర్పడిన పరిశోధక సంఘమువారి 22 ప్రశ్నల పత్రము వేఱుగా కలదు. తన రూపమును గూర్చి రోగి ఏమనుకొనుచున్నాడు, మనస్సు ఎట్లున్నది అనియు అది అడుగును.

మార్కులు వచ్చినవి సరే. ఎన్ని మార్కులు తగ్గిన మేలు? నూర్లకొలది రోగులను చేర్చి సగటు తీసినచో మూడు మార్కుల భేదము కూడ గణితశాస్త్రరీత్యా నిజమని తేలవచ్చును. కాని ఆ మూడు మార్కులు రోగికి తెలియునా? 1989లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈ ప్రశ్ననే వేసి, రోగి తనకు ప్రయోజనకరమని భావించు కనీసపు మార్పు ఎంతయో అదియే ప్రమాణము కావలెనని చెప్పిరి. ఆస్వెస్ట్రీ పత్రమునకు అది సుమారు 10 మొదలు 15 వఱకు అని నేడు ఎంచుచున్నారు. ఒకామెకు 48 నుండి 44కు దిగినచో కాగితముమీద మేలే గాని వంటయింటిలో ఏ మార్పును కానరాదు. 28కి దిగినచో, వంట ముగియువఱకు నిలువగలదేమో. అయితే ఈ ప్రమాణమును కన్నుమూసికొని వాడరాదు. 70 నుండి 55కు వచ్చినవాడు లెక్కలో గెలిచినను ఇంకను మిక్కిలి అశక్తుడే. 20తో మొదలిడినవానికి తగ్గుటకు చోటే తక్కువ.

వైద్యసభలలో శస్త్రచికిత్సకు ముందు పటమును, వెనుకటి పటమును ప్రక్కప్రక్కన చూపుట పరిపాటి. చూచుటకు ముచ్చటగా నుండును. ఆ కడ్డీలు కటివఱకు బిగించిన పిమ్మట నడుము వంగదన్న సంగతి ఆ పటములో పడదు. కాలి మేజోడు తొడుగుకొనుట, శౌచము చేసికొనుట కష్టమగును. ఈ బిగింపు వలని యిబ్బందిని కొలుచుటకు వేఱొక ప్రశ్నాపత్రమునే వ్రాయవలసి వచ్చినది. మనవారి విషయమున ఇది మఱింత ముఖ్యమని మా అభిప్రాయము. ఆస్వెస్ట్రీ పత్రము కుర్చీలో ఎంతసేపు కూర్చుండగలరని అడుగును. నేలమీద పంక్తిలో కూర్చుండి భోజనము చేయువానికి, వాకిట వంగి ముగ్గు పెట్టునామెకు ఆ ప్రశ్న చాలదు. మాటలు తెలుగు చేసినంత మాత్రమున పత్రము తెలుగుది కాదు. మనవారిపై ప్రయోగించి చూడవలెను. దాంపత్యమును గూర్చిన ప్రశ్న మన దేశమున తఱచు ఖాళీగా మిగులును. అపుడు తక్కిన తొమ్మిదింటితోనే లెక్కకట్టుదురు.

శస్త్రచికిత్స మేలా, కాదా అను పోలికయు అంత సులభముగా తేలునది కాదు. 40 మొదలు 80 ఏండ్ల వయస్సు గలవారి నడుము వంకరపై ఉత్తర అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితములు 2019లో వెలువడినవి. అందు కొందఱికి చీటీలు వేసినట్లు చికిత్సను నిర్ణయించిరి. శస్త్రచికిత్స వలదని చీటీ వచ్చినవారిలో సగమునకు పైగా రెండేండ్లలోపల ఆ చికిత్సకే మఱలిరి! అందువలన చీటీల ప్రకారము చూచిన భేదము తేలలేదు. నిజముగా పొందిన చికిత్సను బట్టి చూచినచో శస్త్రచికిత్స పొందినవారికే రెండేండ్లకు మేలు హెచ్చుగా కనబడినది. కాని కడ్డీ విఱుగుట, చీము పట్టుట, మఱల బల్ల ఎక్కవలసివచ్చుట కూడ ఈ చికిత్స ఖాతాలోనివే. వానిని వ్రాయక మేలును మాత్రమే వ్రాసిన లెక్క సగము లెక్క.

కావున ఇంట నిట్టివా రున్నచో, చికిత్సకు ముందే ఒక కాగితముపై వారు తిరిగి చేయగోరు పనులు రెండో మూడో, వారి మాటలలోనే వ్రాసి ఉంచుడు. గుడి మెట్లెక్కుట కావచ్చును, మనుమని ఎత్తుకొనుట కావచ్చును. ఆ పనులు ఎంతవఱకు సాధ్యమగునో, నడుము బిగిసినచో చేజాఱు పనులేవో వైద్యునే అడుగుడు. తరువాత ఆఱు నెలలకు ఒకమాఱు, ఏడాదికి ఒకమాఱు, రెండేండ్లకు ఒకమాఱు అదే కాగితమును ఎదుట పెట్టుకొని, వారినే అడిగి, జవాబును తేదీతో దాని క్రిందనే వ్రాయుడు.