కెమెరా లేని చోటి నుంచి చూపు
(పెదవేగి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడి ధనందిబ్బను వీడియో తీయించి, ఏ వైపు నుంచైనా చూసేలా భద్రపరచాలని మన సభ్యులు కొందరు తలపెట్టారు. ఆ విద్య ఎలాంటిదో నన్ను చెప్పమన్నారు. సర్వే శాఖలో గొలుసు లాగినవాణ్ణి గనుక నాకు తెలిసిన దారిలోనే చెబుతాను.

ప్లేన్ టేబిల్ మీద పనిచేసినవారికి ఇది కొత్త కాదు. ఈ గట్టు నుంచి తాడిచెట్టును చూసి ఒక గీత, ఆ గట్టు నుంచి అదే చెట్టును చూసి మరొక గీత. రెండూ కలిసినచోట చెట్టు. దగ్గరకు వెళ్లి కొలవనక్కర్లేదు. కెమెరాలూ అంతే. అవి ఎక్కడ నిలిచాయో తెలిసి, రెండు బొమ్మల్లోనూ ఒకే చుక్కను పోల్చుకుంటే దాని దూరం తేలుతుంది. అన్ని చుక్కల దూరాలూ తేలితే, కెమెరా లేని చోట నిలబడి చూస్తే ఎలా ఉంటుందో కంప్యూటరు గీసిపెడుతుంది.

1990ల మధ్యలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తకేవో కనాడే బృందం 5 మీటర్ల గుమ్మటానికి 51 కెమెరాలు బిగించి ఈ పని చేసి చూపింది. ఆ బృందంలోని పి.జె. నారాయణన్ గారే తరువాత హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి వచ్చి, డైరెక్టరుగా చేశారు.

పోల్చుకోవడంలోనే చిక్కంతా ఉంది. సున్నం కొట్టిన గోడ మీద ఏ చుక్క ఏదో తెలియదు. కొల్లేటి నీటి మీద ఎండ తళుకు ఒక్కో కెమెరాకు ఒక్కో చోట కనబడుతుంది. దాన్ని నమ్మి గీతలు కలిపితే లేని గుంటో గుట్టో పుడుతుంది!

ఇక ఏ కెమెరాకూ కనబడని మూల సంగతి. పాత పద్ధతుల్లో అక్కడ కన్నం మిగిలేది. నేటి కృత్రిమ మేధ దాన్ని నమ్మదగ్గట్టు పూడ్చగలదు. పెళ్లి వీడియోకైతే నాకు అభ్యంతరం లేదు. శాలంకాయనుల వేంగికి, రేపెవరో సాక్ష్యంగా చూసేదానికి, అది తగదు. చూడని గట్టుకు నిండు గీత వేసే అధికారం మాకెప్పుడూ ఉండేది కాదు.

ఖర్చు మాట. జాతరలాగా కదిలే దృశ్యమైతే అన్ని కెమెరాలూ ఒకే క్షణాన తీయాలి. దిబ్బ కదలదు గదా, ఒక్క కెమెరాతో చుట్టూ తిరిగినా చాలు. పక్కపక్క బొమ్మల్లో సగానికి మించి ఒకే భాగం రావాలి, అంతే. పురావస్తు శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. అసలు బొమ్మలన్నీ మనకు అప్పగించాలనీ, కంప్యూటరు పూడ్చినచోటు వేరే రంగులో చూపాలనీ ఒప్పంద పత్రంలో రాయించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.