మెంతులు - మధుమేహము



ఆషాఢమాసమున హైదరాబాదు పాతబస్తీలోని లాల్‌దర్వాజాయందు సింహవాహిని మహాకాళికి బోనములు సమర్పించుట మీ రెరిగినదే. పసుపు పూసిన కుండలో బెల్లపుటన్నము, దానిపై వేపమండలు, దీపము. ఆనాడు మధుమేహము గల పెద్దకు ప్రసాదము పెట్టుచు నొకరు, "మెంతులు మ్రింగుచున్నావు గదా, ఎంత తిన్న నేమి?" అందురు. వేరొకరు, "మెంతు లుండగా మందేల?" అందురు. ఈ మాటలలో నిజ మెంతయో విచారింతము.

మనము తిన్న అన్నము ప్రేగులలో గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తమున చేరును. ఇన్సులిన్ దానిని దేహకణములకు అందించును. మధుమేహమున ఇన్సులిన్ చాలకయో, చక్కగా పనిచేయకయో, చక్కెర రక్తమునందే నిలిచిపోవును.

మెంతులు నానవేసిన జిగురు పుట్టును గదా! ఆ జిగురు గెలాక్టోమన్నన్ అను పీచు. దానిని జీర్ణింపజేయు రసము మన ప్రేగులలో లేదు. అది నీటిని పీల్చి యుబ్బి, అన్నముతో కలిసి చిక్కబడి, చక్కెర రక్తమున చేరు వేగమును తగ్గించును. చెరువు తూమును కొంచెముగా నెత్తిన నీరు మెల్లగా పారును. చెరువులోని నీరు మాత్రము తగ్గదు. పీచు పని యట్టిదే. కావున మెంతులు తిని, అన్నము మితిమీరి తినుట తగదు.

1918లో కూనూరున ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పరిశోధనాలయమే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. అచ్చటి ఆర్. డి. శర్మ, టి. సి. రఘురామ్ ప్రభృతులు 1990లో నొక పరిశోధన ప్రకటించిరి. నూనె తీసిన మెంతిపిండిని దినమునకు 100 గ్రాముల చొప్పున, రెండు పూటల రొట్టెలలో కలిపి, 10 దినములు రోగులకు పెట్టిరి. పరగడుపున రక్తములోని చక్కెర తగ్గెను; మూత్రమున పోవు చక్కెర 54 శాతము తగ్గెను. అయితే వారు ఇన్సులిన్ లేక జీవింపజాలని రోగులు. మెంతులు ఆహారమున చేరినవే గాని, ఇన్సులిన్ స్థానమున నిలువలేదు. ఆ 100 గ్రాములకును, మనము మ్రింగు చెంచెడు గింజలకును గల అంతరమును గూడ మరువరాదు.

కనుక మెంతులను నమ్మి మందు మానకుడు. అధికముగా తినదలచినచో ముందు వైద్యునితో చెప్పుడు. మందును మెంతులును కలిసి చక్కెరను మితిమీరి తగ్గింపవచ్చును. చెమట, వణకు, కళ్లు తిరుగుట దాని గుర్తులు. అప్పుడు వెంటనే చక్కెర నీరు త్రాగవలెను. నిత్యభోజనమున అన్నము తగ్గించి, పప్పు, ఆకుకూరలు, కాయగూరలు హెచ్చింపుడు.

ఇక బోనపు ప్రసాదమందురా? భోజనానంతరము ఒక్క ముద్ద కన్నుల కద్దుకొని తినుడు. ఆ ముద్దను అన్నపు లెక్కలో తగ్గించుకొనుడు. భక్తికి ముద్ద చాలును; ఆరోగ్యమునకు మితము వలయును.