మీ వెరిలాగ్ ఫైళ్లు ఎక్కడున్నాయి?

  నా మాటలన్నీ పట్టా అందుకున్న పిల్లలతోనే.

నేను చిప్ లేఅవుట్ నేర్చుకున్నది మ్యాజిక్‌లో. 1980లలో బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్, ఆయన విద్యార్థులు రాసిన సాఫ్ట్‌వేర్ అది. తెర మీద ఆకుపచ్చ డిఫ్యూజన్‌కు అడ్డంగా ఎర్రటి పాలీ గీస్తే అక్కడ ట్రాన్సిస్టర్ పుడుతుంది. 2020లో గూగుల్, చిప్పులు తయారుచేసే స్కైవాటర్ కలిసి 130 నానోమీటర్ల పీడీకేను (ప్రాసెస్ డిజైన్ కిట్‌ను) అందరికీ తెరిచినప్పుడు కుర్రాళ్లు పట్టుకున్నదీ ఆ పాత మ్యాజిక్‌నే. టిమ్ ఎడ్వర్డ్స్ ఏళ్ల తరబడి దాన్ని బాగుచేస్తూ వచ్చాడు కాబట్టి బతికింది.

అన్నిటికీ ఆ అదృష్టం లేదు. ఉద్యోగంలో ఒకసారి అలయన్స్‌లో చేసిన పాత డిజైన్ నా నెత్తిన పడింది. పారిస్‌లో అప్పటి పియేర్ అండ్ మేరీ క్యూరీ విశ్వవిద్యాలయం వాళ్ల టూల్స్ అవి. నా దగ్గరున్న లింకుల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. చివరికి సోర్సు డెబియన్ పాత ప్యాకేజీల్లో దొరికింది. దొరికిందని సంబరపడేలోపే కొత్త కంపైలర్ మొండికేసింది, మోటిఫ్ లైబ్రరీ ఏదీ అంది. పాత లైనక్స్‌ను వర్చువల్ మెషీన్‌లో లేపి అందులో నడిపించాను. డిజైన్ చదవడం కంటే దాన్ని తెరిచే టూల్ వెతకడానికే ఎక్కువ కాలం పట్టింది.

మా నాన్న సింగరేణి బొగ్గుగనుల సర్వే ఆఫీసులో పనిచేసేవాడు. అక్కడ మూసేసిన గని ప్లాన్ కూడా పారెయ్యరు. పక్కన తవ్వబోయేవాడికి అది కావాలి. పాత తవ్వకం ఎక్కడిదాకా ఉందో తెలియకుండా తవ్వితే ఏమవుతుందో గోదావరిఖని బిడ్డలకు నేను చెప్పాలా?

మరి మీ సంగతేంది? ఫైనలియర్ ప్రాజెక్టుకు బంగారు అక్షరాల బైండింగ్ చేయించారు. లోపలి వెరిలాగ్ కోడ్ ఎక్కడుందిరా అంటే దోస్తు లాప్‌టాప్‌లో, అదీ ఫార్మాట్ అయిందట! అమీర్‌పేటలో కొన్నవాళ్లు దిగులు పడకండి, మీ ప్రాజెక్టు కాపీలు హైదరాబాద్ నిండా ఉంటాయి.

నవ్వింది చాలు. గూగుల్ ఖర్చుతో మామూలు జనం డిజైన్లను చిప్పులుగా చేయించిన ఈఫ్యాబ్లెస్ కంపెనీయే 2025లో మూతపడింది. ఏది ఎప్పుడు మూతపడుతుందో తెలియదు కాబట్టి మీ ఫైళ్లకు ఒకే వెబ్‌సైట్‌ను నమ్ముకుని కూర్చోకండి. కోడ్ పెట్టినచోట లైసెన్స్ ఫైలు కూడా పెట్టండి, అది లేకపోతే ఇంకొకరు ధైర్యంగా వాడుకోలేరు. ఏ టూల్, ఏ వెర్షన్, ఏ ఆదేశంతో నడిచిందో ఒక్క పేజీ రాయండి. మా కుర్ర ఇంజనీర్లకు ఈ ఒక్క పేజీ గురించి చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది.

ఫొటోలు తర్వాత దిగొచ్చు. హాస్టల్ ఖాళీ చేసేలోపు ఆ ఫైళ్లు రెండు చోట్ల దాచి, ఒక ప్రతి మీ డిపార్ట్‌మెంటుకు ఇచ్చి వెళ్లండి.