పనిముట్టు ముట్టుకోనిదే సైన్సు రాదు

(రాజమండ్రిలో ఉపాధ్యాయుల, హాస్టల్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నోటి ద్వారా వేసుకునే మందుల పరిశోధన గురించీ, దానికి కావలసిన చౌక పరికరాల గురించీ మమ్మల్ని మాట్లాడమన్నారు. భూములు, కూలిరేట్లు, స్కాలర్‌షిప్పులు మాట్లాడుకోవాల్సిన చోట ఈ మందుబిళ్ళల గోలేంటని కొందరికి అనిపించొచ్చు. మందుబిళ్ళ మన సమస్యే. ఎట్లాగో చెబుతాం.

సూదిమందు కావాలంటే ఆసుపత్రికి పోవాలి. గుచ్చే మనిషుండాలి. కొన్ని మందులకి ఫ్రిజ్జుండాలి. మనకి ఒక పూట కూలి పోవాలి. బిళ్ళకి ఇవేవీ అక్కర్లేదు, గ్లాసుడు నీళ్ళు చాలు. నాట్లేసే అక్క గట్టు మీద కూచుని వేసుకుంటుంది. అంటే మందు నోటిదారి పట్టిందంటే పేట దాకా నడిచొచ్చినట్టే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా సోకి, ఎక్కించడానికి సెలైన్ అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు తాగించాడు. శిబిరంలో చావులు నూటికి నాలుగు లోపుకి దిగాయి. ఆ నీళ్ళు తాగించింది చాలావరకు రోగుల సొంత మనుషులే.

మన డెల్టాకీ ఇట్లాంటి కథ ఒకటుంది. బోదకాలంటే ఏమిటో గోదావరి జిల్లాల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. దాన్ని మోసుకొచ్చే క్యూలెక్స్ దోమ మురుగులో పెరుగుతుంది. ఊరి మురుగు ఏ పేట వైపు పారుతుందో కూడా వేరే చెప్పక్కర్లేదు. ఆ జబ్బు పురుగుల్ని చంపే డైఇథైల్ కార్బమజైన్ బిళ్ళ 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధన నడిపించింది 1895లో భీమవరంలో పుట్టి, ఇదే రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు గారు.

అయితే ఆయన పేరు లోకానికి మొదట తెలిసింది బిళ్ళతో కాదు, ఒక కొలతతో. 1925లో ఫిస్కే, సుబ్బారావు కలిసి భాస్వరం కొలిచే పద్ధతి ప్రకటించారు. శాంపిల్‌లో మాలిబ్డేటూ, దాన్ని నీలంగా మార్చే ఇంకో రసాయనమూ కలుపుతారు. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. రంగు పోల్చి చూడటమే పని. ఆ కొలత చేతికొచ్చాకే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, 1929లో ఏటీపీ దొరికింది. పనిముట్టు ముందు, కనిపెట్టడం తర్వాత. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకో సంగతి. అమెరికా వెళ్ళిన కొత్తలో పొట్టకూటికి ఆయన ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు, రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తారు. బ్రాహ్మణ ఇంట్లో పుట్టిన మనిషి. ఆ పని ఆయనకి కులంగా అంటుకోలేదు. అవే చేతులకి ల్యాబ్ తలుపు తెరుచుకుంది. మనవాళ్ళు తరతరాలుగా అదే పని చేశారే, వాళ్ళకి తెరుచుకున్న ల్యాబ్ ఏది? ఇది సుబ్బారావు గారి మీద ఫిర్యాదు కాదు. ఈ దేశం మీద ప్రశ్న.

ఇక నోటి మందులో ఉన్న చిక్కేంటో చూద్దాం. ఇన్సులిన్ వచ్చి నూరేళ్ళు దాటింది. ఇప్పటికీ షుగరు రోగులు దాన్ని పొడుచుకుంటూనే ఉన్నారు, ఎందుకు? ఇన్సులిన్ ప్రొటీన్. కడుపులోకి పోతే ఆమ్లమూ, ఎంజైములూ దాన్ని మాంసాన్ని అరిగించినట్టే అరిగించేస్తాయి. తప్పించుకుని పేగు దాకా పోయినా, పెద్ద అణువు కాబట్టి పేగు పొర దాటలేదు. అందుకే శాస్త్రజ్ఞులు బుల్లి పరికరాలు చేస్తున్నారు. 2019లో అమెరికాలోని ఎంఐటీలో లాంగర్, ట్రావర్సో బృందం బఠానీ గింజంత గుళిక చేసింది. ఎట్లా పడ్డా నిటారుగా లేచి నిలబడే తాబేలు డిప్పని చూసి దాని ఆకారం గీశారు. లోపల నొక్కిపెట్టిన స్ప్రింగుంది. దాన్ని పట్టి ఉంచేది చక్కెర బిళ్ళ. కడుపులో చక్కెర కరగ్గానే స్ప్రింగు వదులుకుని, ఎండు ఇన్సులిన్‌తో చేసిన సూది మొనని కడుపు గోడలోకి దించుతుంది. పందుల మీద పరీక్షించి చూశారు. అది బజారులో దొరికే మందు కాదు, ప్రయోగం. కానీ అందులో కీలకం ఏంటి? స్ప్రింగూ, చక్కెరా. ఈ రెండూ తెలియని పిల్లాడు మన పేటలో ఉన్నాడా?

మరి మన పిల్లలు అక్కడికెందుకు చేరడం లేదు? మనం చదువుకున్న రోజుల్లో ల్యాబ్‌కి తాళం. తాళం తీసినా "మీరు ముట్టుకుంటే పగుల్తాయిరా" అన్న మాట ఇక్కడ చాలామంది విన్నారు. పనిముట్టు అన్న మాటలోనే ముట్టుకోవడం ఉంది. 1927లో మహద్‌లో అంబేద్కర్ గారు చెరువు నీళ్ళు ముట్టుకునే హక్కు కోసం వేలమందిని నడిపించారు. గాజు గొట్టం ముట్టుకునే హక్కూ ఆ దారిలోదే.

పరికరాలు ఖరీదంటారు. సీసా మూత చితక్కొట్టి, రెండు చిల్లులు పెట్టి, దారం ఎక్కించి లాగితే గుర్రుమని తిరిగే ఆట మనమంతా ఆడిందే. 2017లో మను ప్రకాష్ బృందం అదే సూత్రంతో కాగితం సెంట్రిఫ్యూజ్ చేసింది. నిమిషానికి 1,25,000 చుట్లు. ఖర్చు 20 సెంట్లు. కరెంటు లేకుండా రక్తంలోంచి ప్లాస్మా వేరుచేస్తుంది. మనం ఆట అనుకున్నదాన్ని వాళ్ళు కొలిచారు, రాశారు. తేడా అంతే.

మేం బడిలో పిల్లలతో కలిసి బిళ్ళ కరిగే తీరు చూసే పరికరం చేశాం. కంపెనీల్లో దీనికి యంత్రం ఉంటుంది. అడుగున జాలీ ఉన్న ఆరు గాజు గొట్టాలు, ఒక్కోదాంట్లో ఒక బిళ్ళ. 37 డిగ్రీల నీళ్ళలో నిమిషానికి ముప్పై సార్లు పైకీ కిందికీ ఆడతాయి. మా దాంట్లో మెకానిక్ షెడ్డులో దొరికిన కారు వైపర్ మోటారు, సైకిలు చువ్వ, పైపు ముక్కలు, కిటికీ జాలీ, గిన్నెడు గోరువెచ్చని నీళ్ళు, థర్మామీటరు ఉన్నాయి. పూత లేని మామూలు బిళ్ళ 15 నిమిషాల్లో విడిపోవాలంటుంది ఇండియన్ ఫార్మకోపియా. పేగులో కరగాల్సిన పూతబిళ్ళ అయితే ఆమ్లంలో రెండు గంటలు చెక్కుచెదరకూడదు. ఆమ్లం పని టీచరు చేతిమీదుగానే జరగాలి. ఇది ప్రభుత్వ డ్రగ్ కంట్రోల్ ల్యాబ్‌కి బదులు కాదు. కానీ పిల్లలు గడియారం పట్టుకుని, పట్టిక రాసుకుని, "మన ఆసుపత్రిలో ఇచ్చే బిళ్ళ సంగతేంటి సార్?" అని అడిగారు. ఆ ప్రశ్న కోసమే ఇదంతా.

మందు పేగు పొర దాటుతుందో లేదో చూడటానికి 1954లో విల్సన్, వైజ్‌మన్ ఒక పద్ధతి చెప్పారు. పేగు కడిగి, లోపలి పొర బయటికొచ్చేట్టు తిరగేసి, సంచిలా కట్టి, మందు కలిపిన ద్రావణంలో వేలాడదీస్తారు. లోపలికి ఎంత చేరిందో కొలుస్తారు. మన ఫార్మసీ కాలేజీల్లో దీనికి మేక పేగులు, కోడి పేగులు వాడతారు. పేగు చిరక్కుండా తిరగేసే నేర్పు ఎవరికుంది? బోటి కడిగే మన అమ్మలకుంది. లందలో తంగేడు చెక్క వేసి పచ్చితోలు కుళ్ళకుండా చేసిన మన తాతలకి, చెక్కలోని టానిన్ తోలులోని ప్రొటీన్‌ని పట్టుకుంటుందన్న మాట తెలియకపోవచ్చు, పని తెలుసు. ఆ పనిని మైల అన్నారు. అదే పని తెల్లకోటు వేసుకుని చేస్తే పరిశోధన అన్నారు. పొగడ్త కోసం ఈ మాట అనడం లేదు. చేతికి తెలిసినదానికి కొలత, రాత కలిపితేనే అది సైన్సవుతుంది. ఆ కొలతా రాతా మనకి దక్కకుండా చేశారు.

ఒక హెచ్చరిక. చౌక పరికరమంటే పేదోళ్ళకి చౌకబారు సైన్సు కాదు. "మీకు వైపర్ మోటారు చాలుగా" అని మంచి ల్యాబ్ ఎగ్గొడితే ఊరుకోకూడదు. మంచి మైక్రోస్కోపూ కావాలి, మన చేత్తో చేసిన పరికరమూ కావాలి. మొదటిది మన హక్కు, రెండోది మన బలం.

అందుకని ఈ సభ నుంచి మూడు పనులు పెట్టుకుందాం. ప్రతి హాస్టల్లో, గురుకులంలో ఒక పనిముట్ల గది అడుగుదాం, దాని తాళం చెవి పిల్లల కమిటీ దగ్గరే ఉండాలి. మన జిల్లాల ఫార్మసీ కాలేజీల తలుపు తట్టి, ఏడాదికి కొన్ని రోజులు మన పిల్లల్ని ల్యాబ్‌లో కూచోబెట్టమని అడుగుదాం. మనం చేసే ప్రతి పరికరం కొలతలూ, ఖర్చూ, అది ఎక్కడ చెడిందో కూడా తెలుగులో రాసి ఈ పత్రికకి పంపుదాం. ఒక పేటలో చేసింది ఇంకో పేటలో చేయగలగాలి. రాయని నేర్పుని రేపు ఇంకొకడు తనదంటాడు.

జై భీమ్.