ఆగి ఎదిగిన ఆటగాడు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ యేడు మేము ఎన్నుకొన్న విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. ఐస్ హాకీ గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. మంచుగడ్డ అంటే మనకు సోడా బండి దగ్గరా, చేపల మార్కెట్టులోనూ కనబడేదే గాని, దాని మీద మనుషులు జారుతూ ఆడే ఆట మన ఊళ్లలో లేదు. అయినా కెనడా దేశంలో ఒక కుర్రవాడు ఆ ఆటలో ఎట్లా పైకి వచ్చాడో వింటే, ఆట మనది కాకపోయినా చిక్కు మాత్రం మన ఇంట్లోదే అని మీరే అంటారు. పిల్లవాడిలో ఏదో ఉన్నదని తెలిసిన తరువాత వాణ్ణి ఎప్పుడు ముందుకు తొయ్యాలి, ఎప్పుడు ఆపాలి? ఇదే ఆ చిక్కు.

ఆ కుర్రవాడి పేరు కేల్ మకార్. 1998 అక్టోబరు 30న ఆల్బర్టా రాష్ట్రంలోని కాల్గరీ నగరంలో పుట్టాడు.

ముందుగా ఆట సంగతి కొంచెం. మైదానం 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల మంచు పలక. కాళ్లకు ఉక్కు అలుగులు బిగించిన బూట్లు, అనగా స్కేట్లు. బంతికి బదులు పక్ అనే గట్టి నల్ల రబ్బరు బిళ్ల. దాని అడ్డం 3 అంగుళాలు, మందం ఒక అంగుళం. ఒక్కొక్క జట్టు నుండి ఆరుగురు ఆడతారు. గోల్‌కీపరు ఒకడు, దాడి చేసే ఫార్వర్డులు ముగ్గురు, వెనుక కాపు కాసే డిఫెన్స్‌మన్లు ఇద్దరు. మకార్ ఈ కాపు కాసేవాళ్లలో ఒకడు.

ఈ కాపు పని పైకి కనబడినంత తేలిక కాదండీ. ఎదుటివాడు వేగంగా మీదికి వస్తుంటే, డిఫెన్స్‌మన్ వాడి ముఖం చూస్తూ వెనక్కి వెనక్కి జారాలి. మరీ దగ్గరకు పోతే పక్కనుంచి దాటిపోతాడు, మరీ దూరం జరిగితే తీరిగ్గా గోలు మీదికి కొడతాడు. ఆ ఎడాన్ని క్షణక్షణమూ లెక్క వేసుకొంటూ ఉండాలి. పక్ దొరికిందా, వెంటనే నడుము తిప్పి, మీద పడేవాడి నుంచి తప్పుకొని, ముందున్న మనవాడికి అందించాలి. ఫార్వర్డు తప్పు చేస్తే సర్దడానికి వెనుక మరికొందరు ఉంటారు. డిఫెన్స్‌మన్ తప్పు చేస్తే వెనుక ఉండేది గోల్‌కీపరు ఒక్కడే. అందుచేత ఈ స్థానంలో ఆడే పిల్లలు పక్వానికి రావడానికి ఎక్కువ కాలం పడుతుందని ఆ ఆట తెలిసినవాళ్లందరూ చెబుతారు.

ఇక కథలోకి వద్దాం. పద్నాలుగేళ్ల వయసులో, 2013లో, మకార్‌ను పశ్చిమ కెనడా పెద్ద జూనియర్ లీగులోని మెడిసిన్ హ్యాట్ టైగర్స్ అనే జట్టు ఎంచుకొన్నది. అదీ ఎనిమిదవ రౌండులో. అంటే తన యీడు పిల్లలు ఎందరో తనకంటె ముందు ఎంపికైన తరువాత అన్నమాట. అప్పుడు ఆ యింటి ముందు రెండు దారులున్నాయి. ఒకటి పెద్ద జూనియర్ లీగు. ఆటలెక్కువ, జనమెక్కువ, పేరెక్కువ. అయితే ఆ రోజుల నిబంధన ప్రకారం అందులో ఆడినవాడికి అమెరికా విశ్వవిద్యాలయ హాకీ తలుపు మూసుకుపోయేది. (ఆ నిబంధన 2025 ఆగస్టు నుండి సడలింది.) రెండవది దానికంటె ఒక మెట్టు కిందనున్న జూనియర్ ఏ లీగు. పేరు తక్కువే గాని కాలేజీ తలుపు తెరిచే ఉంటుంది.

వాళ్లు రెండవ దారి పట్టారు. కాల్గరీ నుండి రెండు గంటల ప్రయాణంలో ఉన్న బ్రూక్స్ అనే చిన్న పట్టణం. పదిహేను వేల లోపు జనం, పశువుల పెంపకం, ఒక పెద్ద మాంసపు కర్మాగారం. ఆ ఊరి జట్టు బ్రూక్స్ బ్యాండిట్స్. ఈ ఆటలో గోలు వేసినా, గోలుకు దారితీసే పాసు ఇచ్చినా ఒక పాయింటు లెక్క. 2015-16లో మకార్ 54 ఆటలలో 55 పాయింట్లు చేశాడు. మరుసటి యేడు అదే జట్టులో, అన్నే ఆటలలో, 24 గోళ్లతో కలిపి 75 పాయింట్లు చేశాడు. వెనుక కాపు కాసే పిల్లవాడు ఇన్ని చేయడం చిన్న మాట కాదు.

2017 జూన్‌లో చికాగోలో ఎన్.హెచ్.ఎల్. వారి ఎంపిక జరిగింది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఐస్ హాకీ లీగు అది. ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, అంటే ఈ స్థానానికి మరీ పొడుగరి కాడు. ఆడినదేమో చిన్న లీగు. అయినా నాల్గవ స్థానంలో కొలరాడో అవలాంచ్ జట్టు అతణ్ణి తీసుకొన్నది. ఆ యేడు లీగు మొత్తంలో అట్టడుగున నిలిచిన జట్టు అది. మంచి డిఫెన్స్‌మన్ కోసం ఎంత ఆకలితో ఉండి ఉంటారో మీరే ఊహించండి.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. ఆ యేడు మొదటి రెండు స్థానాల్లో ఎంపికైన నికో హిషియర్, నోలన్ పాట్రిక్ ఇద్దరూ ఫార్వర్డులు. ఆ శరదృతువులోనే పెద్ద లీగులో ఆట మొదలుపెట్టారు. మూడవవాడు మీరో హెయిస్కనెన్, నాల్గవవాడు మకార్, ఇద్దరూ డిఫెన్స్‌మన్లు. హెయిస్కనెన్ ఫిన్లండులో మరొక యేడు ఆడి వచ్చాడు. మకార్ ఏకంగా రెండేళ్లు కాలేజీకి పోయాడు.

పోయిన చోటైనా గొప్పదా అంటే, అదీ కాదు. ఆమ్‌హర్స్టులోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం. అంతకుముందు యేడు ఆ జట్టు గెలిచినవి ఐదంటే ఐదు ఆటలు. అక్కడ మొదటి సంవత్సరం మకార్ 34 ఆటలలో 21 పాయింట్లు చేశాడు. బాగానే ఉంది గాని అదిరిపోయేంత కాదు. ఆ మధ్యలోనే ప్రపంచ జూనియర్ పోటీలలో కెనడాకు ఆడి, 7 ఆటలలో 8 పాయింట్లు చేసి, 2018 జనవరిలో బంగారు పతకం తెచ్చుకొన్నాడు.

అసలు పరీక్ష 2018 వేసవిలో వచ్చింది. వృత్తి ఆట తలుపు తెరిచే ఉంది. మెడలో బంగారు పతకముంది. ఇంకేం కావాలి, వెళ్లిపో నాయనా అని ఎవరైనా అంటారు. మన ఇళ్లలోనైతే తాతయ్య దగ్గరనుంచి వీధి చివరి టీకొట్టు ఆయన దాకా అంటారు. మకార్ మాత్రం రెండవ సంవత్సరానికి కాలేజీకే తిరిగివెళ్లాడు. అందులో నష్టం లేకపోలేదు. ఒక యేడాది జీతం పోయింది. ఆ యేడులో మోకాలో భుజమో దెబ్బతింటే ఏమి గతి అన్న భయమూ ఉంది.

ఆ యేడు ఏమైందో చూడండి. 41 ఆటలలో 16 గోళ్లు, 33 పాసులు, వెరసి 49 పాయింట్లు. రెండేళ్ల కిందట ఐదు ఆటలు గెలిచిన జట్టు 31 గెలిచింది. జాతీయ పోటీ చివరి నాలుగు జట్లలోకి మొట్టమొదటిసారి చేరింది. 2019 ఏప్రిల్ 12న దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ పురస్కారం మకార్‌కు వచ్చింది. 13న ఫైనల్లో మిన్నెసోటా డులూత్ చేతిలో అతని జట్టు 3-0తో ఓడిపోయింది. 14న కొలరాడోతో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. 15న పెద్ద లీగు ప్లే ఆఫ్ పోటీలో, తన సొంత ఊరు కాల్గరీ జట్టుకే ఎదురుగా, మొదటిసారి మంచు మీద దిగాడు. దిగిన రోజునే గోలు వేశాడు. కొలరాడో 6-2తో గెలిచింది. నాలుగు రోజుల్లో ఇంత నడిచింది గాని, ఆ నాలుగు రోజుల వెనుక నాలుగేళ్లున్నాయి.

2019-20 అతనికి లెక్క ప్రకారం తొలి సంవత్సరం, వాళ్ల భాషలో రూకీ సంవత్సరం. ముందటి యేడు ఆడిన పది ఆటలూ ప్లే ఆఫ్‌వి గనుక అవి ఈ లెక్కలోకి రావు. గాయాలు తగిలి కొన్ని ఆటలు పోయాయి, కరోనా వల్ల సీజను మధ్యలో ఆగింది. అయినా 57 ఆటలలో 12 గోళ్లు, 38 పాసులు, మొత్తం 50 పాయింట్లు చేసి, ఉత్తమ నూతన ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ గెలుచుకొన్నాడు. 2022లో కొలరాడో స్టాన్లీ కప్పు గెలిచింది. అదే యేడు ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ, ప్లే ఆఫ్ పోటీలలో ఉత్తముడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ రెండూ మకార్‌కే దక్కాయి. అప్పటికి వయసు 23. నోరిస్ ట్రోఫీ 2025లో మళ్లీ వచ్చింది.

ఇది విని, ఆగితే చాలు అన్నీ వస్తాయని ఎవరూ అనుకోవద్దు. దీనికి ఎదురు ఉదాహరణ ఆ ఆటలోనే ఉంది. బాబీ ఆర్ పద్నాలుగేళ్లకే ఒషావా జట్టులో తనకంటె అయిదారేళ్లు పెద్దవాళ్లతో ఆడాడు. 1966లో పద్దెనిమిదేళ్లకు బోస్టన్ తరఫున పెద్ద లీగులో దిగాడు. 1967లో కాల్డర్ ట్రోఫీ, ఆ తరువాత 1968 నుండి 1975 దాకా వరసగా ఎనిమిదిసార్లు నోరిస్ ట్రోఫీ అతనివే. మోకాలి గాయాలు పదేపదే బాధించి, 1978లో ముప్పయ్యేళ్లకే ఆట మానవలసి వచ్చింది. చిన్నప్పుడే దిగినందుకే అట్లా అయిందని మేము చెప్పడం లేదు. ఒక పిల్లవాడికి సరిపోయిన వయసు మరొకడికి సరిపోవాలని లేదు, అంతే. అందువల్ల పక్కింటి పిల్లవాడి వయసు చూసి కాదు, మన పిల్లవాడి పక్వం చూసి నిర్ణయించాలి.

మరి మకార్ ఆగిన ఆ నాలుగేళ్లలో ఏమి చేశాడు? మన పెద్దలు సబర్ అంటూంటారు గదా. చేతులు ముడుచుకొని కూర్చుంటే అది సబర్ కాదు, సోమరితనం. మకార్ బెంచీ మీద కూర్చుని ఎదురుచూడలేదు. ఎక్కడున్నా ఎక్కువసేపు ఆడే చోటే ఉన్నాడు. పెద్ద లీగుకు తొందరపడి పోయి ఉంటే బెంచీ మీదే ఎక్కువ కాలం గడిచేదేమో. చిన్న లీగులో చేసిన తప్పుకు ఆ పూట ఆట పోతుంది. పెద్ద లీగులో వేలమంది ముందు చేసిన తప్పుకు పిల్లవాడి ధైర్యమే పోవచ్చు. తప్పు ఖరీదు తక్కువగా ఉన్న చోట తప్పులు చేసి దిద్దుకొన్నాడు. పని చేతిలోకి వచ్చిన తరువాత మరొక మెట్టు ఎక్కాడు. తండ్రి దుకాణంలో పని నేర్చుకొనే దర్జీ పిల్లవాడికి ఉస్తాదు ముందు చింకి గుడ్డ ఇస్తాడు గాని, పెళ్లి షేర్వానీ ఇవ్వడు గదా!

చివరగా ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ఆగడానికి ఖర్చు ఉంటుంది. ఆ దేశంలోనూ ఐస్ హాకీ చవకైన ఆట కాదు. స్కేట్లు, రక్షణ సామగ్రి, మంచు మైదానపు అద్దె, ప్రయాణాలు, అన్నీ ఖర్చే. ఇంకొక ముఖ్యమైన సంగతి. మకార్ కాలేజీలో ఉన్నంత కాలమూ అతని మీద హక్కు కొలరాడోదే, అంటే అతని చోటు అతని కోసం ఉన్నది. ఆగితే చోటు పోతుందన్న బెంగ లేదు. మన పిల్లల్లో చాలామందికి అటువంటి హామీ లేదు. పదవ తరగతి కాగానే షెడ్డులోనో కొట్టులోనో పని దొరికితే, ఇప్పుడు కాదంటే మళ్లీ దొరకదన్న భయం ఆ యింట్లో నిజమైన భయం. ఆ తండ్రిని తొందరపడ్డావని తప్పుపట్టడానికి మాకు నోరు రాదు.

అయితే ఆగగలిగిన ఇళ్లు కూడా ఆగడం లేదే, అదే మా బాధ. జిల్లా స్థాయిలో ఒక ఆట బాగా ఆడితే చదువు మాన్పించి అకాడమీలో పడేసేవారున్నారు. లెక్కల్లో ఒకసారి నూటికి తొంభై వస్తే మరునాడే బ్యాటు అటక మీద పెట్టించేవారూ ఉన్నారు. రెండు చోట్లా తొందర ఒక్కటే. నిర్ణయం చేసే ముందు రెండే ప్రశ్నలు వేసుకొందాం. ఇప్పుడు మనం పంపే చోట పిల్లవాడు నిజంగా ఆ పని చేస్తాడా, లేక చూస్తూ కూర్చుంటాడా? అక్కడ తప్పు చేస్తే లేచి నిలబడే వీలుంటుందా, ఉండదా? ఈ రెండింటికీ జవాబు తెలిసిన తరువాత వెళ్లమన్నా మంచిదే, ఆగమన్నా మంచిదే.

పిల్లల్లారా, మీకొక మాట. మీ అమ్మీ అబ్బాలు ఆగమన్నప్పుడు ఎందుకని అడగండి, అడగడంలో తప్పు లేదు. వాళ్లు చెప్పిన కారణం నచ్చితే ఆ యేడాదిని వృథా చేయకండి. మకార్ ఆ కాలేజీలో గడిపిన రెండవ యేడు ఎట్లా వాడుకొన్నాడో చూశారు గదా.